కాలువ కింద మీ ఊరు

సుజాతా,

రేపటికి నువ్వు పోయి ఏడాది. ఇది నీకు చేరదని తెలుసు. అయినా ఈ కోపం ఇంకెవరితో చెప్పుకోను?

ఈ రోజు మా పంచాయతీ ఆఫీసులో డ్రైనేజీ మీటింగు పెట్టారు. లేఅవుట్లు వచ్చాక ఊరు పెరిగింది, మురుగు వీధుల్లోకి పొంగుతోంది. భూగర్భ పైపులు వెయ్యమని ఎన్నాళ్లుగానో నేనూ అడుగుతున్నాను. ఇంజనీరు గోడకు మ్యాపు తగిలించి, పైపులన్నీ తీసుకెళ్లి కాలువలో కలుపుతామన్నాడు.

"శుద్ధి చెయ్యరాండీ?" అని అడిగాను.

"ఆ ప్లాంటు సంగతి తర్వాత చూద్దామండీ. నీళ్లు కిందకి పోతాయి కదా, మీకేం ఇబ్బంది ఉండదు."

కింద అంటే మీ ఊరే. ఆకివీడు పక్కన మీ మంచినీళ్ల చెరువు నిండేది ఆ కాలువతోనే. నాకు ఒళ్లు మండిపోయింది.

"కింద మనుషులు లేరాండీ? ఇప్పటికే పై ఊళ్ల మురుగు కలిసిన ఆ నీళ్లు తాగబట్టే మా చెల్లెలు కామెర్లొచ్చి పోయింది!" అని అరిచాను.

ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తమంటే అందరూ ఎత్తారు. మీ బావ కూడా ఎత్తారు. నీ పాడె మోసిన మనిషి.

ఇంటికొచ్చాక, "ముందు మన ఊరు బాగుపడాలి కదే" అన్నారు. ఆయన మొహం చూడబుద్ధి కాలేదు.

రేపు నీ సంవత్సరీకానికి వస్తున్నాను. మా ఊరు మీ చెరువులోకి ఏం పంపబోతోందో, భోజనాలకి కూర్చున్న వాళ్లందరికీ చెప్తాను. వాళ్లని వెంటబెట్టుకుని కలెక్టరాఫీసుకి వెళ్తాను. ఇక్కడ నన్ను ఊరి ద్రోహి అంటే అననీ.

మీ అక్క