బొత్తాల అవ్వ అడిగిన మాట

అమ్మకు నమస్కారాలు. ఇక్కడ నేను కులాసా. నువ్వూ చెల్లీ కూడా అలాగే ఉన్నారనుకుంటున్నాను. మరొకరి నోట నీ చెవిన పడకముందే నేనే చెప్పాలని ఇవాళ రాస్తున్నాను. చెల్లీ, ఒక్క ముక్క మింగకుండా అమ్మకు చదివి వినిపించు.

వేళకు తింటున్నానా అని అడిగించావు. తింటున్నానమ్మా. గది పైకప్పు కారడం కూడా ఆగింది. ఉద్యోగం ఎప్పుడు ఖాయమవుతుందన్నావు. ఆ సంగతికే వస్తున్నాను.

మా మునిసిపల్ ఆఫీసు చూపు ఇప్పుడు వంతెన కింది డేరాల మీద పడింది. ఇల్లు లేనివాళ్లు అక్కడ ఉంటున్నారు. వాళ్ల కోసం ఒక చట్టముంది: ఆశ్రయ కేంద్రంలో మంచం చూపించకుండా ఎవరి డేరానూ పీకకూడదు. చూపించినా రానన్నవాళ్లను మాత్రం వెళ్లగొట్టొచ్చు. ఊరు చిన్నది, మంచాలు తక్కువ. ఎంతమంది రానంటే మావాళ్లకు అంత తేలిక.

మొన్న మా సారుతో నేనూ వెళ్లాను. అక్కడ బొత్తాల అవ్వ అని ఒకావిడ చేతి మిషను మీద చిరుగులు కుడుతూ ఉంటుంది. నన్ను చూసి, "ఏమే పిల్లా, బొత్తాం ఊడిందా, నా కొంప ఊడబెరకడానికొచ్చావా?" అంది. నవ్వు ఆపుకోలేక చచ్చాను.

"మంచం ఉంది, వస్తావా?" అన్నారు సారు.

"నా మిషను కూడా లోపలికి రానిస్తారా నాయనా? అది లేకపోతే నాకు కూడెక్కడిది?"

సారు ఫోనులో 'రానంది' అని నొక్కేశారు.

"ఆవిడ అడిగింది సార్, రాననలేదు" అన్నాను.

"మిషన్లు రానివ్వరు. ఇంక రానన్నట్టేగా? ముందు నీ ఉద్యోగం ఖాయం కానీ తల్లీ, ఆనక పోట్లాడుదువుగాని."

అవ్వ తరఫున ఒక వకీలమ్మ కోర్టుకెళ్లింది. అవ్వ నిజంగా ఏమందన్నదే అక్కడ తేలాలి. విన్నది సారూ నేనూ ఇద్దరమే.

ఇంతసేపూ నాన్చాను. విన్నది విన్నట్టు చెబుతానని వకీలమ్మకు మాటిచ్చేశానమ్మా. ఉద్యోగం ఖాయం కాకపోవచ్చు. మా అమ్మాయి ఆఫీసులో ఉందని వీధి వీధంతా చెప్పుకున్నావు, నాకు తెలుసు. నీకు తలవంపులు తెస్తానేమోనని గుండెల్లో గుబులుగానే ఉంది. కాని నేను నోరు మూసుకుంటే, వచ్చే వానల్లో ఆవిడ మిషను పట్టుకుని ఎక్కడికి పోతుంది?

పదమూడున కోర్టు. పన్నెండులోపు నాకందేలా చెల్లి చేత జవాబు రాయించు. వెళ్లొద్దని మాత్రం రాయించకు, నేను ఆగను. తిట్టాలనుంటే నోరారా తిట్టు. తిట్లయినా సరే, ఆ పొద్దున నీ మాట నా దగ్గరుండాలి.

ఇట్లు,
నీ పెద్దమ్మాయి