ఆరకముందే అంటించిన అతుకు

మంగళవారం, మియాపూర్.

పొద్దున టైరు లోపల వేసిన రబ్బరు అతుకు మధ్యాహ్నానికే లేచిపోయింది. బైక్ ట్యాక్సీ అతను నా పంచర్ దుకాణానికి తిరిగొచ్చి, "ఏంది తాతా, గచ్చిబౌలి దాంక గూడ పోలే" అన్నాడు. "నీ తోలుడే గట్లుంటది" అని కసిరాను. బండి వదిలేసి పోయాడు. తప్పు నాదే. అతుకుకు రాసే జిగురు, సొల్యూషన్, ఆరకముందే అంటించాను. పొరల మధ్య తడి ఉంటే, చక్రం తిరిగేకొద్దీ అతుకు విడిపోతుంది.

నాతో పనిచేసిన యాదగిరి ఉంటే చెయ్యి పట్టుకునేవాడు. "జర ఆగురా, ఆరనియ్" అని, ఆరేదాకా ఏదో ఒకటి చెప్పేవాడు. మోకాళ్ల నొప్పులని సిద్దిపేట పోయాడు. సాయంత్రం ఫోన్ చేశాడు.

"నొప్పులు తగ్గినయ్. మళ్ల రావాల్నారా?"

"నువ్వు లేకున్నా దుకాణం మస్తు నడుస్తుంది" అన్నాను. పెట్టేశాడు.

తర్వాత ఆ టైరుకే మళ్లీ సొల్యూషన్ రాసి, ఆరేదాకా ఒక్కణ్నే కూర్చున్నాను. అది ఆరడానికి అంతసేపు పడుతుందని ఇన్నేళ్లూ నాకు తెలియనే లేదు.