తలకిందుల చంద్రుడు

లాస్తొవో దీవి,
1974 మార్చి 3

ప్రియమైన ఫ్రానేకి,

యొకొహామాలో మీ ఓడ మరమ్మతు ఏప్రిల్ దాకా సాగుతుందని, ఈలోపు మనకో టెలిస్కోపు కొంటానని రాశావు. లెన్సుదా, అద్దందా తేల్చమన్నావు. నాలుగో తరగతిలో చదువు మానేసినదాన్ని, నన్నా అడగడం! మూడు రోజులు బడి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. నాలుగో రోజు వీద్ మాస్టారే చూసి, "ఏమ్మా, మళ్ళీ బడిలో చేరతావా?" అని నవ్వి కూర్చోబెట్టారు.

లెన్సు గొట్టం తేలికట. అదే ధరకు అద్దం గొట్టం ఇంకా పెద్దది వస్తుందట, వెలుగు ఎక్కువ పడుతుందట. ఫొటోలు కూడా కావాలంటే మాత్రం ముందు గొట్టాన్ని నిలబెట్టే కాళ్ళు చూడమన్నారు. "గొట్టం ఎంత గొప్పదైనా కాళ్ళు వణికితే ఫొటో అలికేసినట్టే" అన్నారు. అందుకని మధ్యరకం అద్దం గొట్టం, ఆకాశంతోపాటు దాన్ని మెల్లగా తిప్పే మర ఉన్న బరువైన స్టాండు, నీ కెమెరా తగిలించే కడియం తీసుకో. నేను చూసింది నువ్వూ చూడాలి కదా.

చివర్లో అద్దం గురించి ఇంకేదో చెప్పారు. అప్పటికే సిగ్గుతో చచ్చిపోతున్నాను. అర్థమైనట్టు తల ఊపి వచ్చేశాను.

నీ పవీత్సా


యొకొహామా,
ఏప్రిల్ 9

పవీత్సా, నా బంగారం,

నువ్వు చెప్పినట్టే కొన్నాను. మన స్ప్లిట్ రేవుకి వెళ్ళే ఓడలో పనిచేసే మన యెర్కో తెస్తాడు. ఆ కాళ్ళు మోస్తూ వాడు తిట్టిన తిట్లు ఉత్తరంలో పట్టవు. మేం దక్షిణాన వల్పరైసో రేవుకి బయల్దేరుతున్నాం. భూమధ్యరేఖ దాటడం నాకిదే మొదలు. ఉత్తరం అక్కడికి రాయి. పడక పక్కన గోడ బోసిగా ఉంది, నువ్వు తీసిన చంద్రుణ్ణి అంటించుకుంటాను. అమ్మ జాగ్రత్త.

నీ ఫ్రానే


లాస్తొవో,
జూన్ 20

ప్రియమైన ఫ్రానేకి,

ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. టెలిస్కోపు వచ్చిన సాయంత్రం, వెలుగుండగానే, రేవులోకి వస్తున్న స్ప్లిట్ ఓడ మీదికి తిప్పి అత్తయ్యను చూడమన్నాను. ఆవిడ కన్ను పెట్టి కేక వేసింది. ఓడ తలకిందులుగా ఉంది! పొగగొట్టం కింద, అడుగు పైన. మామయ్య పడవ అలా బోర్లాపడే కదా దొరికింది. "నా కొడుకు సముద్రం మీదుండగా నా ఇంట్లోకి ఇదేం తెచ్చావే? వదిలించెయ్!" అంది. రెండు రోజులు రొట్టెముక్క ముట్టలేదు.

మాస్టారు ఆనాడు చివర్లో చెప్పింది ఇదేనట. అద్దం గొట్టంలో అన్నీ తిరగబడే కనిపిస్తాయట. చుక్కలకు పైనా కిందా లేవు కనక ఎవరూ పట్టించుకోరట. ఆ మాట అత్తయ్య వినడం లేదు. పక్క దీవి కొర్చులా నుంచి ఒకాయన ఆగస్టులో వచ్చి కొనుక్కుంటానన్నాడు. ఇచ్చేయమంటావా?

రీలంతా పాడుచేసి ఒక్క ఫొటో తీయగలిగాను. చంద్రుడూ తలకిందులే. గొట్టంలో ఏ వైపు పైకి కనిపించిందో ఫొటో వెనక ఆ వైపు 'పైన' అని రాశాను. నువ్వు తిప్పి అంటించుకో. నన్ను క్షమించు.

పవీత్సా


వల్పరైసో,
జులై 14

పవీత్సా,

ఇవ్వొద్దు!

రేఖ దాటినప్పటి నుంచి ఇక్కడి చంద్రుడు నాకు పరాయివాడిలా ఉన్నాడు. ఎందుకో తెలియక, దిగులేసి, సాయంత్రాలు డెక్ మీదికి పోవడమే మానేశాను. నీ ఫొటో అందిన రోజు దాన్ని పట్టుకుని పైకి పరుగెత్తాను. నువ్వు 'పైన' అన్న వైపే పైకి పెట్టి చంద్రుడి పక్కన నిలిపాను. ఇద్దరూ ఒక్కటే! మన ఇంటి దగ్గర అడుగున ఉండే ఆ తెల్ల మచ్చ ఇక్కడ పైన ఉంది. రేఖకు ఇవతల చంద్రుడు తలకిందులుగానే కనిపిస్తాడన్నమాట. నువ్వు పంపింది నా చంద్రుణ్ణే, పిచ్చిదానా. తిప్పకుండానే అంటించుకున్నాను.

అమ్మకు చదివి వినిపించు. ఆ గొట్టంలో కనిపించేది మునిగిన ఓడ కాదు, నేనున్న చోటని చెప్పు.

నీ ఫ్రానే


లాస్తొవో,
ఆగస్టు 11

ప్రియమైన ఫ్రానేకి,

కొర్చులా ఆయన వచ్చాడు. ఎండు అంజూరపళ్ళు పెట్టి పంపేశాం.

నీ ఉత్తరం అత్తయ్యకు రెండుసార్లు చదివాను. లేచి శాలువా కప్పుకుంది. "పద, చూపించు. ఓడను మాత్రం కాదు."

చంద్రుడి మీద పెట్టిన కన్ను చాలాసేపు తియ్యలేదు. ఆఖరికి నా చెయ్యి పట్టుకుని అడిగింది: "వాడూ అక్కడ ఇలాగే తలకిందులుగా వేలాడుతున్నాడా?"

"అవునత్తయ్యా."

"అయితే రాయి. గట్టిగా పట్టుకోమను."

గట్టిగా పట్టుకో, ఫ్రానే.

నీ పవీత్సా