విరిగిన నమూనా

శనివారం, చోడవరం

సోమవారం పరిశోధన పేపరు పంపాలి. ఇవాళ నాన్నకు నా లోహపు గాజు (మెటాలిక్ గ్లాస్) ముక్క చూపించాను. పైకి మెరిసే లోహమే, లోపల పరమాణువులు మాత్రం గాజులోలా వరస లేకుండా ఉంటాయి. విరిగేంత బరువు పెట్టకుండా వేలసార్లు నొక్కితే ఇంకా గట్టిపడుతోంది. పేపరంతా అదే.

చెరుకు మిల్లులో ఫిట్టరుగా చేసిన మనిషి కదా, వేళ్ల మధ్య తిప్పి చూశాడు.

"ముక్కలన్నీ ఇలాగే గట్టిపడ్డాయేటే?"

"ఒక్కటి విరిగిపోయింది నాన్నా. ఏదో లోపం ఉండుంటాది. లెక్కలోంచి తీసేసేను."

"ఏటా లోపం? సూసేవా?"

చూడలేదు.

"మా మిల్లులో బోల్టు ఇరిగితే, ఆ ముక్క సూడకుండా కొత్తది బిగించేవోళ్లం కాదమ్మా. నిలబడింది ఏటీ సెప్పదు. ఇరిగిందే సెప్తాది."

కోపం వచ్చింది. మిల్లూ ల్యాబూ ఒకటేనా అని గట్టిగానే అనేశాను. నాన్న ముక్కను తువ్వాలుతో తుడిచి నా అరచేతిలో పెట్టాడు.

అన్నం తిన్నాక పేపరు తెరిచాను. "నమూనాలన్నీ గట్టిపడ్డాయి" అన్న వాక్యం కొట్టేశాను. ఆ విరిగినదాన్ని ఇప్పుడైనా చూద్దామంటే లేదు. విరిగిన రోజే చెత్తబుట్టలో పడేశాను.

ఆ సంగతి నాన్నకు చెప్పలేదు.