అతికిన చెయ్యి

అమ్మా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. సంవత్సరీకానికి సాయంత్రం బండికి చీరాల వస్తున్నాను. ఈలోగా ఇవాళ గుంటూరు కాలేజీలో నేను చెప్పిన పాఠం సంగతి నీకు చెప్పాలి.

మన ఒంట్లో ప్రతి కణంలోనూ డి.ఎన్.ఏ. అని ఒకటుంటుంది, రెండు పేటల నూలులాగా. కణం రెండుగా చీలే ముందు ఆ పేటలు విడిపోతాయి. ఒక ఎంజైము వాటికి నకలు తీస్తుంది. అది ఒకవైపుకే నడవగలదు, పేటలేమో ఒకదానికొకటి ఎదురు దిక్కుల్లో ఉంటాయి. అందుకని ఒక పేటకు నకలు ఏకంగా వస్తుంది, రెండోదానికి ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఆ ముక్కల్ని అతకడానికి ఇంకో ఎంజైము ఉంది. దాన్ని ఈమధ్యనే, అరవై ఏడులో కనిపెట్టారు.

ఒకమ్మాయి లేచి, "అసలు పనంతా నకలు తీసేదానిదే కదండీ, అతికేదానిదేముంది?" అంది.

నాకు మన మగ్గం గుర్తొచ్చింది. నిలువు పోగులు అయిపోవస్తే, కొత్త పోగుల్ని పాత కొసలకు ఒక్కొక్కటే బూడిద అద్ది మెలేసేదానివి. నీకు జ్వరమొచ్చిన వారం నాన్న మగ్గం గుంటలోకి దిగనేలేదు. "మీ అమ్మ లేవాలిరా. అప్పటిదాకా నేను నేసేదేముంది?" అన్నాడు.

క్లాసులో అదే చెప్పాను. చెప్పనిది ఒకటుంది. నా కాలేజీ దరఖాస్తులో నాన్న పేరు పక్కన 'నేత' అనీ, నీ పేరు పక్కన 'పనేమీ లేదు' అనీ రాశాను. నీకు చదువు రాదు. ఏం రాశావని అడక్కుండా, బూడిద వేలు కొంగుకు తుడుచుకుని, దాని కిందే ముద్ర వేశావు.