నేల మీద విమానం

అన్నయ్యా,

నువ్వు పోయి ఈ రోజుకు నాలుగేళ్లు. బడి వదిలాక గుంటూరులో కొత్తగా పెట్టిన కంప్యూటర్ సెంటర్‌కు వెళ్లాను. టీచర్లందరం నేర్చుకోవాలట. పాఠం అయ్యాక అక్కడి మాస్టారు విమానం ఆట పెట్టారు. నువ్వు పత్తి చేల మీద మందు కొడుతూ నడిపావే, అలాంటి పాతదే. తోక కింద చిన్న చక్రం.

"ఎగరడం తర్వాత మేడమ్, ముందు నేల మీద నడపండి," అన్నారాయన.

ముక్కు పైకి లేచి ఉండటంతో ఎదుట దారే కనపడలేదు. అటూ ఇటూ వంకర్లు తిప్పుతూ చూసుకుంటూ పోవాలట. కాస్త ఎక్కువ తిప్పితే చాలు, తోక జారి గిర్రున తిరిగిపోయేది. పదకొండుసార్లు అదే అయింది. వేళ్లు లాగేశాయి.

చిలకలూరిపేట దగ్గర దిగాక నీ విమానం అలాగే తిరిగి రెక్క విరిగింది. ఉద్యోగం పోయి ఇంటికొచ్చావు. అన్నం వడ్డిస్తూ నేనన్నాను, "ఆకాశంలో తిప్పినోడివి, నేల మీద తిన్నగా నడపలేకపోయావా?" నువ్వు తల వంచుకుని తిన్నావు.

పన్నెండోసారి చివరిదాకా నడిపాను.

"ఇంక ఎగరండి మేడమ్!"

"వద్దండీ. నేల మీదే ఇంత కష్టమని మా అన్నయ్య ఎప్పుడూ చెప్పలేదు," అని లేచాను.

నిజానికి నేనే చెప్పనివ్వలేదు.

నీ చెల్లి