కాగితంలో లేని మేత

ఫిబ్రవరి 3, మంగళవారం

ఈ పూటే రాయాలి. రేపటికల్లా తప్పంతా సంజీవరావు మామదే అని నేను కూడా నమ్మేస్తాను.

పొద్దున నాయన మా గొర్రెల మందను మామ కంది చేనికి తోలుకుపోయాడు. కోత నిన్ననే అయిపోయింది. తాత కాలం నుంచి ఒకటే మాట. ఎండాకాలం ఇరవై రాత్రులు మా గొర్రెలు ఆయన చేలో పడుకుంటాయి, ఎరువు ఆయనది. బదులుగా మాకు రెండు మూటల సజ్జలు, కంది కోశాక చేలో మేత. ఈసారి కంచె దగ్గరే ఆపేశారు. రెండు వారాల్లో రాచర్ల నుంచి వచ్చే మందకు మేత ఇచ్చేశాడట.

నాయన అడిగితే, అగ్రిమెంట్ ఉంది గదా మస్తానయ్యా, నీ బిడ్డ రాసిందే, పోయి చదివించుకో అన్నాడట. పక్కనున్నవాళ్లు నవ్వినారట.

చదివాను. ఇరవై రాత్రులు ఉంది. సజ్జలు ఉన్నాయి. ఆయన సంతకం, నాయన వేలిముద్ర ఉన్నాయి. మేత లేదు.

అదే రోజు, సాయంత్రం 6

పోయిన మే నెలలో కాగితం కావాలని పట్టుబట్టింది నేనే. బీకాంలో కాంట్రాక్ట్ యాక్ట్ చదివాను, నోటిమాట ఎందుకు నాయనా అన్నాను. కాగితం అడిగితే నమ్మకం లేదనుకుంటారు పాపా అన్నాడు. వినలేదు. స్కేలు పెట్టి మార్జిన్ గీసి మరీ రాశాను. ఏటేటా మారేవి రాశాను, ఎన్ని రాత్రులు, ఎన్ని మూటలు అని. మేత ఎప్పుడూ మారలేదు. రాయాలని తోచనే లేదు.

ఫిబ్రవరి 4

అమ్మ దుప్పట్లు సర్దుతోంది. మేత లేకపోతే పామూరు దిక్కు పోవాలి, రెండు నెలల నడక. పద్దెనిమిది గొర్రెలు ఈనడానికి ఉన్నాయి.

ఫిబ్రవరి 6

గిద్దలూరు పోయాను. లాయర్ లీదియా మేడం జిరాక్స్ రెండుసార్లు చదివింది. మేత ఇవ్వనని రాసి ఉంటే కష్టమే, ఏమీ రాయకపోవడం వేరు అంది. ఏళ్ల తరబడి వాడుక ఉందని చూసినవాళ్లు చెప్పాలట. ఇరవై రాత్రుల మంద ఎరువుకు రెండు మూటలేనా, ఇంకేమీ ఉండదా అని ఏ రైతునైనా అడగమంది. కోర్టుకు పోతే నీ గొర్రెపిల్లలు ముసలివైపోతాయి, ముందు లెటర్ రాయి, తారీఖు పెట్టు అంది.

బస్సులో కాస్త ఊపిరాడింది.

ఫిబ్రవరి 8, ఆదివారం

చర్చి విడిచాక ఏబేలు చిన్నాయనను కలిశాను. పదిహేనేళ్లుగా ఆ చేలో కంది కోసేది ఆయన ముఠానే. మేం కొడవళ్లు దించకముందే మీ గొర్రెలు మా కాళ్ల సందున దూరేవి గదే అని నవ్వాడు. ఆ మాటకు సాక్షి సంతకం అడిగేసరికి నవ్వు పోయింది. రేపు శనగ కోతకు నన్నెవరు పిలుస్తారు పాపా అన్నాడు.

కోపం తెచ్చుకుందామనుకున్నాను. రాలేదు.

నాలుగడుగులు పోయి వెనక్కి వచ్చాడు. పోయిన ఎండాకాలం మా మంద పడుకున్న తూర్పు సగంలో కంది మోళ్లు బొటనవేలంత లావున్నాయట, కొడవలి మొద్దుబారిందట. పడమటి సగం చిటికెనవేలంతేనట.

ఫిబ్రవరి 9

తప్పు నా రాతలో ఉందని నాయనకు చెప్పేశాను. తెలుసులే, ఆ కాగితం చింపొద్దు, నీ అక్షరం బాగుంటది అన్నాడు.

ఫిబ్రవరి 10. పంపిన లెటర్ నకలు.

సంజీవరావు మామకు,

కాగితంలో మేత లేదు. రాయని తప్పు నాది, మా నాయనది కాదు. ఇవ్వనని మీరూ రాయించలేదు. మీ చేలో తూర్పున ఒక మోడు, పడమట ఒక మోడు చేత్తో పట్టుకుని చూడండి. రాచర్ల మంద పదిహేడున దిగుతుందని విన్నాం. పదహారు, సోమవారం లోపల మేత ఇస్తారో లేదో జవాబు ఇవ్వండి.